చిన్నవర్తకుని యేటేటి పన్ను బాధ్యతలు

(సిద్దిపేట పద్మశాలి సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ సభయందు పన్నులనుగుఱించి ప్రసంగింపుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నాకు కొంత యాశ్చర్యము కలిగినది. నేను ముప్పది యేండ్లకు పైగా బాలురకు శబ్దములును, ధాతువులును, సంధులును చెప్పినవాడను గాని త్రాసు పట్టినవాడను గాను. "ఆడిటరు నెవరినైన పిలువరాదా?" యని యడిగితిని. "ఆడిటరుగారి మాట మనవాండ్రకు కఠినముగ నుండును. పాఠము చెప్పినట్లు మీరు చెప్పుడు" అని వారనిరి. ఇందులకు నేనంగీకరించుటకు వేఱొక కారణము గూడ గలదు. ఈ విషయమున నేనొకప్పుడు ఒక శిష్యునికి తప్పు పాఠము చెప్పితిని. ఆ తప్పును పదిమందిలో నొప్పుకొనుట నా విధియని తలచితిని. ఆ సంగతి ముందు మనవి చేసెదను.

సంస్కృతమున కరమనగా చేయి, కరమనగా కిరణము, కరమనగా పన్ను. మన కులము చేతిపనివలన బ్రతికినది. కావున మొదటి యర్థము మనకు పుట్టుకతో వచ్చినది. మూడవ యర్థమును మనవెంట నెల్లకాలమును నడచినదే. కౌటిల్యుని యర్థశాస్త్రమున నూలును, నేతను పర్యవేక్షించుటకు సూత్రాధ్యక్షుడనియు, సరుకులపై సుంకము గైకొనుటకు శుల్కాధ్యక్షుడనియు వేఱువేఱుగ నధికారులు చెప్పబడియున్నారు. మగ్గమున్నచోట సుంకమువాడు నుండెనన్నమాట.

ఇటీవలి కాలమునకు వచ్చినచో, మదరాసు రాజధానిలో మొహతర్ఫా యను పేర మగ్గములమీదను, చేతివృత్తులమీదను, అంగళ్ళమీదను పన్ను వసూలు చేసెడివారు. 1852వ సంవత్సరమున మదరాసులో గాజుల లక్ష్మీనరసుసెట్టిగారు స్థాపించిన మదరాసు నేటివ్ అసోసియేషనువారు ఆంగ్ల పార్లమెంటునకు పంపిన మహజరునందు ఈ పన్నువలని బాధనుగూడ విన్నవించిరి. ఆ పన్ను నేడు లేదు. కాని వృత్తిచేయువాడు ప్రభుత్వమునకు కొంత చెల్లింపవలయునను సూత్రము మాత్రము నిలిచినది. మన రాజ్యాంగమున 276వ అధికరణము వృత్తులపైని, వర్తకములపైని, ఉద్యోగములపైని పన్ను విధించు నధికారమును రాష్ట్రములకిచ్చి, దానికొక గరిష్ఠ పరిమితిని గూడ నియమించినది. ఆ పరిమితి మొదట ఏటికి 250 రూపాయలు. 1988లో జరిగిన 60వ సవరణచేత 2,500 రూపాయలైనది.

ఇచ్చట మనవారిని గుఱించి యొక మాట చెప్పవలసియున్నది. మనము పన్ను లెక్కలలో నితరులకంటె వెనుకబడితిమన్నచో అందులకు మన బుద్ధిమాంద్యము కారణము గాదు, చరిత్రయే కారణము. 1957లో పంచదార, పొగాకు, వస్త్రములు అను మూడింటిపైని రాష్ట్రముల అమ్మకపుపన్నునకు బదులుగ కేంద్రమే యదనపు ఎక్సైజు సుంకము వసూలు చేసి రాష్ట్రములకు పంచియిచ్చు నేర్పాటు జరిగినది. ఆ సుంకము మిల్లు గడపవద్దనే ముగిసెడిది. మధ్యమధ్య కొన్ని చిక్కులు వచ్చినను, గుడ్డల దుకాణమువానికి పెక్కు దశాబ్దములు అమ్మకపుపన్ను కచేరితో నిత్యవ్యవహారము లేకపోయెను. కిరాణావర్తకుడును, ఇనుపసామానుల వర్తకుడును నెలనెలా లెక్కలు పంప నేర్చుకొనుచుండగా, మనవాండ్రకు ఆ విద్యతో నవసరము పడలేదు. 2017 జూలై 1వ తేదీన వస్తుసేవల పన్ను, అనగా జీ.ఎస్.టి., అమలులోనికి వచ్చినప్పుడు వస్త్రములును దాని క్రిందికి వచ్చినవి. ఆ మాసముననే సూరతునగరమందలి గుడ్డవర్తకులు దుకాణములు మూసి సమ్మె చేసిరి. పన్నుతోపాటు పదేపదే పంపవలసిన లెక్కలును వారి యభ్యంతరములలో నుండెను. తాత యెఱుగని విద్యను మనుమడు ఒక్కనాడు నేర్వవలసివచ్చినది. తడబాటు సహజము. కాని తడబాటు కలకాలము నుండరాదు.

ఇక విషయమునకు వత్తును. సిద్దిపేటలో ఒక చిన్న దుకాణమో, నాలుగు మరమగ్గములో, దర్జీ పనిశాలయో పెట్టుకొన్నవాడు ఏటేట లెక్క చెప్పవలసిన గుమ్మములు నాలుగు. మొదటిది వృత్తి పన్ను. రెండవది జీ.ఎస్.టి. మూడవది పురపాలకసంఘమువారి ట్రేడ్ లైసెన్సు. నాలుగవది ఆదాయపుపన్ను. కంపెనీగానో, ఎల్.ఎల్.పి.గానో నమోదైనవానికి అయిదవ గుమ్మము గూడ గలదు. అది కంపెనీల రిజిస్ట్రారు కార్యాలయము. వీనిలో వృత్తి పన్ను రాష్ట్రమునది. జీ.ఎస్.టి. రాష్ట్రములోపలి యమ్మకముపై సగము రాష్ట్రమునకు, సగము కేంద్రమునకు చెందును. లైసెన్సు స్థానికసంస్థది. ఆదాయపుపన్నును, రిజిస్ట్రారును కేంద్రమునకు సంబంధించినవి. ఒక గుమ్మమున చెల్లించితిని గనుక రెండవదానికి పోనక్కఱలేదనుట పొరపాటు. ఈ పొరపాటే మనలో ననేకులు చేయుచున్నారు.

మొదట వృత్తి పన్నునుగుఱించి. దీనికి 1987వ సంవత్సరపు చట్టము మూలము. ఉమ్మడి రాష్ట్రమున పుట్టిన ఆ చట్టమునే తెలంగాణము తనదిగా స్వీకరించినది. 2013లో సవరింపబడిన పట్టిక ననుసరించి, ఏటి యమ్మకము 10 లక్షలకు లోపలనున్న వర్తకునకు ఈ పన్ను లేదు. 10 లక్షలు మొదలు 50 లక్షలవఱకు 1,250 రూపాయలు. 50 లక్షలు దాటినచో 2,500 రూపాయలు. కంపెనీగా నమోదైనచో 2,500 రూపాయలు. లాభము వచ్చినను రాకున్నను ఇది తప్పదు. సంవత్సరారంభమునకే పేరు నమోదు చేసికొన్నవాడు జూన్ 30వ తేదీకి ముందు చెల్లింపవలెను.

ఇందులో రెండు పత్రములు గలవని మఱవవలదు. దుకాణపు యజమాని తనకొఱకు తీసికొనునది యొకటి. తనవద్ద పనిచేయు జీతగాండ్రకొఱకు తీసికొనునది రెండవది. నెలజీతము 15,000 రూపాయలు దాటి 20,000 వఱకు నున్నవానినుండి నెలకు 150 రూపాయలును, 20,000 దాటినవానినుండి 200 రూపాయలును యజమాని తగ్గించి, మఱుసటి నెల 10వ తేదీలోపల ప్రభుత్వమునకు కట్టవలెను. జీతగానివద్ద తగ్గించి ప్రభుత్వమునకు కట్టక తన పెట్టెలో నుంచుకొనుట పన్ను నెగవేయుటకంటె హీనము. అది పరధనము.

రెండవది జీ.ఎస్.టి. ఇందులో మనవారిని మిక్కిలి మోసగించుచున్న యంకె యొకటి కలదు. అది 40 లక్షలు. సరుకు లమ్ము వర్తకుడు ఏటి యమ్మకము 40 లక్షలు దాటువఱకు నమోదు చేసికొన నక్కఱలేదని దూరదర్శనములోను, చరవాణి సందేశములలోను వినుచున్నారు. ఆ మాట నిజమే. కాని యన్ని రాష్ట్రములకు నిజము గాదు. 2019 ఏప్రిల్ 1 నుండి ఈ పరిమితిని 20 లక్షలనుండి 40 లక్షలకు పెంచిన ప్రకటనయందు కొన్ని రాష్ట్రములు మినహాయింపబడినవి. వానిలో తెలంగాణ మొకటి. పొరుగున నున్న ఆంధ్రప్రదేశమున 40 లక్షల పరిమితి వర్తించినది. మనకు మాత్రము సరుకులకైనను, సేవలకైనను 20 లక్షలే నిలిచినది. విజయవాడలోనున్న బావమఱది చెప్పిన మాట నమ్మి సిద్దిపేటలో 30 లక్షల వర్తకము నమోదు లేక చేసినవాడు నేరస్థుడగును. అతనికి మాత్రము తాను నేరము చేసినట్లే తెలియదు.

మఱియొక సంగతి. ఇతర రాష్ట్రమునకు సరుకు అమ్మువాడు ఎంత చిన్నవాడైనను నమోదు కావలయుననునది సామాన్యసూత్రము. షోలాపురములోను, భివండిలోను మన బంధువులు లేని యిల్లు లేదు. చుట్టఱికముతోపాటు సరుకును పోవుచుండును. చేనేతవారికిని, హస్తకళాకారులకును ఈ సూత్రమున కొన్ని మినహాయింపులున్నవి. మన గొల్లభామ చీర నేయువారు ఆ మినహాయింపు తమ సరుకునకు వర్తించునో లేదో ముందుగ విచారించి, పిదప మూట కట్టుట మంచిది.

నమోదైన చిన్నవర్తకునకు చట్టమే యొక సులభమార్గము చూపినది. దానిని కాంపొజిషన్ పద్ధతి యందురు. ఏటి యమ్మకము 1.5 కోటి రూపాయలకు మించనివాడు దీనిని కోరుకొనవచ్చును. సరుకులమ్మువాడు తన యమ్మకముపై నూటికి ఒక రూపాయి చెల్లించును. అందులో సగము రాష్ట్రమునకు, సగము కేంద్రమునకు. ఉదాహరణమునకు, ఏటికి 30 లక్షల గుడ్డ అమ్మినవానికి 30,000 రూపాయలగును. మూడునెలల కొకపరి, త్రైమాసికము ముగిసిన తరువాతి నెల 18వ తేదీలోపల సీ.ఎం.పి.-08 అను పత్రముతో పన్ను కట్టవలెను. ఏటి కొకపరి జీ.ఎస్.టి.ఆర్-4 అను రిటర్ను పంపవలెను. 2024-25 సంవత్సరపు లెక్కలనుండి దీని గడువు జూన్ 30గా మార్చిరి.

అయితే సులభమార్గమునకును నియమములున్నవి. కాంపొజిషన్ వర్తకుడు కొనుగోలుదారునివద్ద పన్ను వేఱుగ వసూలు చేయరాదు. తాను సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును తిరిగి పొందలేడు. రాష్ట్రము దాటి సరుకు అమ్మరాదు. తాను కాంపొజిషన్ వర్తకుడనని దుకాణపు బోర్డుమీద వ్రాయవలెను. ఈ పద్ధతిలో చేరదలచిన పాతవర్తకుడు సంవత్సరము మొదలగుటకు ముందే, మార్చి 31లోపల, కోరిక తెలుపవలెను. సాధారణ పద్ధతిలో నున్నవాడు నెలనెలా 20వ తేదీనాటికి జీ.ఎస్.టి.ఆర్-3బి అను రిటర్ను పంపి పన్ను కట్టవలెను. 5 కోట్లకు మించని యమ్మకము గలవాడు మూడునెలల కొకపరి రిటర్ను పంపు వెసులుబాటు కోరుకొనవచ్చును. పన్ను మాత్రము నెలనెలా కట్టుచుండవలెను.

ఇప్పుడు నా తప్పునుగుఱించి మనవి చేసెదను.

నావద్ద చదువుకొన్న కుఱ్ఱవాడొకడు కొన్నేండ్ల క్రిందట గుడ్డలకొట్టు పెట్టెను. ఎవరో చెప్పగా జీ.ఎస్.టి. సంఖ్య గూడ తీసికొనెను. వర్తకము సాగలేదు. కొట్టు మూసి మరల మగ్గమువద్ద కూర్చుండెను. ఒకనాడు నాయొద్దకు వచ్చి, "సారూ, బేరము లేదు, పన్ను లేదు. అయినను నెలనెలా రిటర్ను పంపుమని ఫోనుకు సందేశములు వచ్చుచున్నవి. ఏమి చేయుమందురు?" అని యడిగెను. నేను నవ్వి, "లేనిదానిని లేదని చెప్పుటకు గూడ కచేరికి పోవలెనా బిడ్డా? ఊరకుండుము" అంటిని. గురువు మాటయని అతడు ఊరకుండెను.

ఆఱు నెలలు గడచినవి. రిటర్నులు రాలేదని అధికారులు నోటీసిచ్చిరి. ఆ నోటీసు కాగితముమీద రాలేదు; కంప్యూటరులోని యతని ఖాతాలో పడినది. దాని నెవరు చూతురు? సంఖ్య రద్దయినది. రెండేండ్లకు దైవమనుగ్రహించి, హైదరాబాదులోని యొక పెద్ద దుకాణమువారు అతడు నేసిన చీరలు మెచ్చి, క్రమముగ సరుకు కావలెననిరి. "జీ.ఎస్.టి. సంఖ్యతో బిల్లు ఇమ్ము" అనిరి. అతడు క్రొత్త సంఖ్యకు దరఖాస్తు పెట్టగా, పాత సంఖ్యక్రింద మిగిలిన రిటర్నులు ముందు దాఖలు చేయవలెనని తిరిగివచ్చినది. ఆలస్యరుసుము లన్నియు కూడ కొన్నివేల రూపాయలే. దానిని నేను కూడ భరించితిని. కాని చిక్కు తీరునప్పటికి ఆ బేరము వేఱొకని పాలైనది. ఆ కుఱ్ఱవాడు నన్నొక మాటయైన ననలేదు. అనియుండినచో నా మనస్సు కొంత తేలికపడియుండెడిది.

మౌనము అర్ధాంగీకారమని లోకోక్తి. ఈ చట్టమునందు మౌనము అర్ధాంగీకారము గాదు, సంపూర్ణాపరాధము. అమ్మకము లేని నెలకు గూడ రిటర్ను పంపవలెను. దానిని శూన్యరిటర్ను అందురు. శూన్యమును గూడ అంకెగా వ్రాయుట మన దేశమువారు లోకమునకు నేర్పిన విద్య. ఆ విద్యనే నేను నా శిష్యునికి చెప్పలేకపోతిని. శూన్యరిటర్ను ఆలస్యమైనచో దినమునకు 20 రూపాయలును, అమ్మకమున్న రిటర్ను ఆలస్యమైనచో దినమునకు 50 రూపాయలును రుసుము పడును. శూన్యరిటర్నుపై రుసుము ఒక్కొక్కదానికి 500 రూపాయలు మించకుండ 2021లో పరిమితి చేసిరి. గడువు దాటి మూడేండ్లు గడచిన రిటర్నును ఇక నెన్నటికిని దాఖలు చేయ వీలులేకుండునట్లు 2023లో చట్టమును సవరించిరి. అనగా ఆలస్యమునకు మందు కలదు గాని అది కలకాలము దొఱకదు. వర్తకము మానుకొన్నవాడు తాళము వేసినంత మాత్రమున విముక్తుడు గాడు. సంఖ్యను రద్దు చేయుమని తానే దరఖాస్తు పెట్టి, రద్దయిన మూడు నెలలలోపల జీ.ఎస్.టి.ఆర్-10 అను అంతిమ రిటర్ను పంపవలెను. కొట్టు తెఱచుటకు ముహూర్తము చూచువారము, మూయుటకును విధి కలదని తెలిసికొనవలెను.

మూడవ గుమ్మము పురపాలకసంఘము. దీనిని గుఱించి విస్తరింప బనిలేదు. దుకాణపు వైశాల్యముతో సంబంధము గల రుసుము కట్టి, ఏటేట లైసెన్సును పునరుద్ధరించుకొనవలెను. బ్యాంకువారు అప్పు నిచ్చుటకు ముందు అడుగు పత్రములలో ఇదియు నొకటి.

ఇక పరిమితబాధ్యత సంస్థలు. ఈ పదేండ్లలో మన యువకులు హైదరాబాదులో చదివివచ్చి, పేరుచివర ప్రైవేటు లిమిటెడ్ అనియో, ఎల్.ఎల్.పి. అనియో బోర్డులు పెట్టుచున్నారు. నాకు సంతోషము. మగ్గపుగుంటనుండి లేచినవారు కంపెనీల యధిపతులగుట చూచుటకంటె వృద్ధులకు కావలసినదేమి? కాని పరిమితమను పదమును సరిగా గ్రహింపవలెను. అందు పరిమితమైనది అప్పుల విషయమునందలి బాధ్యత. వ్యాపారము మునిగినచో సామాన్యముగ ఋణదాతలు యజమాని యింటిమీదికి రారు. అంతవఱకే. లెక్క చెప్పు బాధ్యత మాత్రము పరిమితము గాదు. ఒంటరి వర్తకునికంటె నెక్కువ.

ఎల్.ఎల్.పి.లకు 2008వ సంవత్సరపు చట్టము మూలము. ప్రతి ఎల్.ఎల్.పి.యు ఆర్థికసంవత్సరము ముగిసిన 60 దినములలో, అనగా మే 30లోపల, ఫారము 11 అను వార్షికపత్రమును, అక్టోబరు 30లోపల ఫారము 8 అను లెక్కల పత్రమును రిజిస్ట్రారునకు దాఖలు చేయవలెను. ఒక్క రూపాయి వర్తకము జరుగకున్నను ఇది తప్పదు. అమ్మకము 40 లక్షలు దాటినను, భాగస్వాముల పెట్టుబడి 25 లక్షలు దాటినను లెక్కలను ఆడిటు చేయింపవలెను. ఆదాయపుపన్ను విషయమున మఱియొక భేదము కలదు. ఒంటరి వర్తకుడు తన యమ్మకములో ఇంతశాతము లాభమని యంచనాగా చూపి పన్ను కట్టు సులభపద్ధతి ఎల్.ఎల్.పి.కి లేదు. వ్యక్తికి కొంత యాదాయమువఱకు పన్ను మినహాయింపు గలదు, ఎల్.ఎల్.పి. లాభముపై మొదటి రూపాయినుండియే నూటికి 30 వంతున పన్ను పడును.

ప్రైవేటు కంపెనీకి నియమములు మఱింత కఠినములు. అమ్మకమెంత తక్కువయైనను ఆడిటు తప్పదు. సామాన్యముగ సెప్టెంబరు 30లోపల వార్షిక సర్వసభ్యసమావేశము జరిపి, పిమ్మట 30 దినములలో లెక్కలును, 60 దినములలో వార్షికపత్రమును దాఖలు చేయవలెను. ఆలస్యమైన ఒక్కొక్క పత్రమునకు దినమునకు 100 రూపాయలు. దీనికి శూన్యరిటర్నునకువలె పరిమితి లేదు. రెండు పత్రములు ఒక్క సంవత్సరము మఱచినచో 73,000 రూపాయలు! వరుసగా మూడేండ్లు దాఖలు చేయని కంపెనీ డైరెక్టర్లు, అయిదేండ్లవఱకు డైరెక్టరు పదవుల కనర్హులగుదురు. 2017లో మన దేశమున రెండు లక్షలకు పైగా కంపెనీల పేర్లు కొట్టివేయబడినవి. లక్షలకొలది డైరెక్టర్లు అనర్హులైరి.

ఇచ్చట సోదరీమణులకు ఒక మనవి. ప్రైవేటు కంపెనీకి ఇద్దఱు డైరెక్టర్లు కావలెను గనుక మన యిండ్లలో భార్యపేరో, తల్లిపేరో వ్రాయుట వాడుకయైనది. ఎక్కడ సంతకము పెట్టుమన్న నచ్చట ఆమె సంతకము పెట్టును. కుమారుడు మఱచినచో అనర్హత తల్లికిని వచ్చును. రేపామె తన స్వంతముగ నొక సంస్థ నడుపదలచినచో తలుపులు మూసియుండును. కావున అమ్మలారా, సంతకము పెట్టుటకు ముందు ఇది యేమి కాగితము, దీనివలన ఏటేట నేమి చేయవలసియుండునని యడుగుడు. అడుగుట అవిశ్వాసము గాదు.

ఎవరికి కంపెనీ వలయును, ఎవరికి వలదు? బయటివారి పెట్టుబడి తెచ్చువానికి, పెద్ద యప్పులతో పెద్ద వర్తకము చేయువానికి అది కవచము. ఇంటివారితో చిన్నకొట్టు నడుపువానికి ఆ కవచపు బరువే నడక నాపును. బోర్డు శోభకొఱకు కంపెనీ పెట్టవలదు.

పంచాంగములో పండుగలు వ్రాసికొన్నట్లు ఈ తేదీలను గోడమీద వ్రాసికొనుడు. మనము ఉగాదికి క్రొత్త పుస్తకమునకు పసుపుకుంకుమలు పెట్టుదుము. చట్టపు సంవత్సరాది ఏప్రిల్ 1. కాంపొజిషన్ కోరిక మార్చి 31. కాంపొజిషన్‌వారి త్రైమాసికపు పన్ను ఏప్రిల్, జూలై, అక్టోబరు, జనవరి మాసముల 18. ఎల్.ఎల్.పి. ఫారము 11 మే 30. వృత్తి పన్నును, కాంపొజిషన్‌వారి వార్షిక రిటర్నును జూన్ 30. కంపెనీ సర్వసభ్యసమావేశము సెప్టెంబరు 30. ఎల్.ఎల్.పి. ఫారము 8 అక్టోబరు 30. అమ్మకము 2 కోట్లు దాటిన సాధారణవర్తకుని జీ.ఎస్.టి. వార్షిక రిటర్ను డిసెంబరు 31. గడువులు ఒక్కొక్కప్పుడు మాఱుచుండును గనుక ఏటేట నొకపరి సరిచూచుకొనుట యవసరము.

దీనితోపాటు మూడు జాగ్రత్తలు. దినదినము చిట్టా వ్రాసి, నెలకొకపరి ఆవర్జాకు ఎత్తుడు. ఇంటి రొక్కమును, కొట్టు రొక్కమును కలుపవలదు. రిటర్నులు వ్రాయువానికి పని యప్పగించినను, కంప్యూటరు ఖాతాలో మీ ఫోను సంఖ్యయే యుండవలెను. అతని సంఖ్య యున్నచో నోటీసు మీకు చేరదు. డబ్బు ఇచ్చినప్పుడెల్ల చలానా అడిగి తీసికొనుడు.

చిన్నవానిమీద ఇన్ని పత్రముల బరువు న్యాయమా యని కొందఱు పెద్దలు నన్నడిగిరి. ఆ ప్రశ్నలో ధర్మమున్నది. పెద్ద సంస్థకు గుమాస్తా లుందురు; మనవానికి పగలు మగ్గము, రాత్రి లెక్క. ఆంధ్రప్రదేశమున 40 లక్షలు కాగా తెలంగాణమున 20 లక్షలేల యని ప్రభుత్వము నడుగుటకును మనకు హక్కు గలదు. కాని యడుగువాని చేతిలో లెక్కయుండవలెను. 1852లో లక్ష్మీనరసుసెట్టిగారు ఊరక కేకలు వేయలేదు. బాధను కాగితముమీద వ్రాసి విన్నవించిరి. మన యూరిలో నెందఱు చిన్నవర్తకు లున్నారు, ఎంత యమ్ముచున్నారు, ఎంత కట్టుచున్నారు అను పట్టికతో సంఘము మహజరు పెట్టినచో వినక తప్పదు. లెక్క లేనివాని మొఱ గాలిలో కలియును.

కావున ఈ మహాసభ ముందు నాదొక చిన్న ప్రార్థన. మన సంఘభవనమున ఏప్రిల్, జూన్, అక్టోబరు మాసములలో నొక్కొక్క ఆదివారమునాడు లెక్కల పీట యొకటి వేయుడు. వాణిజ్యశాస్త్రము చదివిన మన పిల్లలు నలుగురు అచ్చట కూర్చుండి, వచ్చినవారికి ఏ గుమ్మమున నేమి మిగిలియున్నదో చూచి చెప్పవలెను. వారు ఎవరి డబ్బును ముట్టరాదు, ఎవరి రహస్యాంకములును అడుగరాదు. సంఘపోషకులు ఒక కంప్యూటరును, ఒక పీటను దయచేసినచో చాలును. కల్యాణమండపమునకు లక్షలిచ్చిన దాతలు మనలో నున్నారు. ఇది వేలతో ముగియు పుణ్యము. ఆ పీటవద్ద పత్రములు చదివిపెట్టుటకు నేనును కూర్చుండెదను. నా శిష్యునికి నేను పడిన ఋణము ఆ విధముగ కొంత తీరునని నా యాశ.

నూలుపోగు తెగినప్పుడు మన తల్లులు వెంటనే ముడివేసి అతుకుదురు. తెగినదానిని చూడనట్లు నేసినచో బట్టలో కంత పడునని వారికి తెలియును. పన్ను లెక్కయు నట్టిదే. తెగిన నెలను ఆ నెలయందే అతుకుడు.

శ్రీ మార్కండేయస్వామి మనకందఱకు ఆయురారోగ్యములను, చేతినిండ పనిని, పనికి దగిన ఫలమును, ఫలమునకు దగిన లెక్కను ప్రసాదించుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాను.